జపాన్‌కి చమురు ఆపిందెవరు?

మా ఆఫీసులో ఒక సర్వర్‌కి యాక్సెస్ కావాలంటే రెండు అనుమతులుండాలి. మేనేజరు సరేనన్నా, సెక్యూరిటీ వాళ్ళు టికెట్‌ని మూల పడేస్తే అంతే సంగతులు. అడిగితే ఇద్దరూ "మేం కాదన్లేదే!" అంటారు. 1941లో ఇలాంటి వ్యవహారమే ఎక్కడిదాకా వెళ్ళిందో చదివాక నా టికెట్ మీద కోపం కాస్త తగ్గింది.

ఆ జూలైలో జపాన్ సేనలు దక్షిణ ఇండోచైనాలోకి దిగాయి. జూలై 26న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తమ దేశంలోని జపాన్ ఆస్తుల్ని స్తంభింపజేశాడు. బ్రిటన్, ఆ వెంటనే డచ్ ఈస్టిండీస్ (ఇప్పటి ఇండోనేషియా) కూడా అదే పని చేశాయి. అప్పట్లో జపాన్ దిగుమతి చేసుకునే చమురులో దాదాపు 80 శాతం అమెరికాదే. మిత్రదేశాలూ తలుపేశాక ఇక కొనడానికి వేరే కొట్టు లేదు.

తమాషా ఏంటంటే, చమురు పూర్తిగా ఆపాలన్నది ప్రకటించిన విధానం కాదు. పూర్తిగా ఆపితే జపాన్ డచ్ చమురు బావుల మీద పడుతుందని రూజ్‌వెల్ట్ భయం. అందుకే 1935-36 నాటి మోతాదులో ఎగుమతి లైసెన్సులివ్వచ్చు అన్నారు. ఇచ్చారు కూడా. కానీ డబ్బు కట్టాలంటే స్తంభించిన డాలర్లు కదలాలి కదా! అది విదేశాంగ, ఆర్థిక, న్యాయ శాఖల కమిటీ చేతిలో ఉంది. అందులో విదేశాంగ శాఖ మనిషి డీన్ అచెసన్. జపాన్ వాళ్ళు చెల్లింపుకి ఏ దారి చూపించినా అక్కడ పని జరగలేదు. కాదనీ అనలేదు, సరేననీ అనలేదు.

ఆగస్టులో రూజ్‌వెల్ట్ చర్చిల్‌ని కలవడానికి సముద్రం మీదికి వెళ్ళొచ్చాడు. సెప్టెంబరు నాటికి చూస్తే చుక్క చమురు కదల్లేదు. అప్పుడు సడలిస్తే భయపడ్డారనుకుంటారని అలాగే వదిలేశారు. అవతల జపాన్ నౌకాదళం తన నిల్వలు ఎన్నాళ్ళొస్తాయో లెక్కేసుకుంటోంది. డిసెంబరు 7న పెర్ల్ హార్బర్.

యుద్ధానికి ఇదొక్కటే కారణమని నేననను. చైనాలో జపాన్ చేసిన ఘోరాలు చిన్నవేం కాదు. అచెసన్ సొంతంగా చేశాడా, రూజ్‌వెల్ట్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడా అని చరిత్రకారులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

నన్నడిగితే, ఆ వాదనకి చోటుండటమే అసలు తప్పు. ఆంక్షలంటే ఒకరకం బేరం. ఎంతవరకు బిగించామో బిగించినవాడికే తెలీకపోతే, ఏం చేస్తే వదులుతారో అవతలివాడికి ఎలా తెలుస్తుంది?