జంటగొట్టముల తూకము

భీమవరమునకు చేరువనున్న కొల్లేటిలో పూర్వము బాతులవేటకు వాడినది పన్నెండు బోరు జంటగొట్టముల షాట్‌గన్ను. తరువాత చట్టముచే అట్టి వేట నిషిద్ధమైనది, మంచిదే. ఆ తుపాకి తూకము సుమారు 7 పౌనులు. పెద్ద మృగములపై పేల్చు 470 జంట రైఫిలు 10, 11 పౌనులు తూగును. మాకు చిత్రముగా తోచునదేమన, బరువైనదాని గొట్టమే సన్నము. పన్నెండు బోరు వ్యాసము 0.729 అంగుళము కాగా, రైఫిలుది అర అంగుళమునకు లోపే. రవలను చల్లుటకు మందు వత్తిడి స్వల్పము చాలును. రైఫిలులో అది ఇంచుమించు మూడు రెట్లు. అందుచే గొట్టము దళసరిగా నుండవలెను. పైగా బరువు లేనిచో ఆ తన్నును భుజ మోర్వజాలదు. ఎగురు పిట్టను వెన్నాడుటకో, తేలిక తుపాకియే తగును.

470 వ్యాప్తిలోనికి వచ్చుటకు మృగములకంటె దొరతనమువారి భయమే హేతువని మేము తలంతుము. 1907లో వారు 450 తూటాల దిగుమతిని భారతదేశమున నిషేధించిరి. ఆ గుండ్లు సైన్యపు పాత మార్టినీ-హెన్రీ తుపాకులలో తిరుగుబాటుదార్లకు పనికివచ్చునని వారి వెరపు. అంతట ఇంగ్లండులోని తుపాకి పనివారు 470 వంటి కొలతలకు మరలిరి.

భీమవరము చెంతనున్న మోగల్లు వంశీయుడు అల్లూరి సీతారామరాజునకు దిగుమతి సరకుతో పనియే లేకపోయెను. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఆయన దళము 26 తుపాకులు గొనిపోయెను. వానికి వలయు తూటాలును, సుమారు 2,500, ఆ ఠాణాలలోనే దొరకెను.