నలుగురు గుండలు, ఒక బేతియ

జాబితాలు సరిచూడడం మనకు కొత్త విద్యేమీ కాదు. నెల మొదట్లో పచారీ సామాన్ల చీటీ ఒక చేత్తోనూ, కొట్టువాడు పంపిన బిల్లు ఇంకో చేత్తోనూ పట్టుకుని కూచునే ఇల్లాలు చేసే పని అదే. ఇస్త్రీకి వేసిన బట్టల పద్దు సంగతీ అంతే. పద్దులో చీర ముందు రాశామా, దుప్పటి ముందు రాశామా అన్నది ఎవరికీ పట్టదు. నాలుగు చీరలు వెళ్ళి మూడే తిరిగొస్తే మాత్రం ఊరుకుంటామా?

కాని అన్ని జాబితాలకూ ఈ న్యాయం చెల్లదు. పెళ్ళిలో ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి పేర్లు వరస తప్పకుండా రావాలి. తారుమారైతే తండ్రి వెళ్ళి తాతకు తాతై కూచుంటాడు. పైగా తాత పేరు మనవడికి పెట్టుకోవడం మన ఇళ్ళల్లో ఆచారమాయె. ఒకే పేరు రెండుసార్లు వస్తుంది, మనుషులు మాత్రం వేరు.

ఈ తేడా మనకు చెప్పకుండానే తెలుస్తుంది. కంప్యూటరుకు మాత్రం చెప్పాలి.

మా ఊళ్ళో ఇంజనీరింగు చదువుకు 1959లోనే పునాది పడింది. ఆ ఏడు నెహ్రూగారు స్వయంగా వచ్చి రీజనల్ ఇంజనీరింగు కాలేజీకి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు దాన్నే ఎన్.ఐ.టి. అంటున్నాం. ఇవాళ హనుమకొండలో ఏ వీధిలో చూసినా ప్రోగ్రాములు రాసే పిల్లలే. మా చెల్లెలి కూతురూ వాళ్ళలో ఒకతె. పైథాన్ భాషలో ఓనమాలు దిద్దేవాళ్ళకు ఇచ్చే లెక్క ఒకటి దాని చేతికి వచ్చింది. రెండు జాబితాలు ఇస్తారు. రెండూ ఒకటేనా, మొదటిది రెండోదానిలో ఇమిడి ఉందా, రెండోదే మొదటిదానిలో ఇమిడి ఉందా, లేక ఈ మూడూ కాదా, చెప్పాలి. ఇమిడి ఉండడమంటే అవే పేర్లు, అదే వరసలో, మధ్యలో ఎడం లేకుండా ఉండడం.

పిల్ల ప్రోగ్రాము రాసేసింది. ఒకటి, రెండు, మూడు అనే జాబితా ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న జాబితాలో ఉందా అని అడిగితే ఉందని చెప్పింది యంత్రం. "సరిపోయింది పెద్దమ్మా" అంది.

"అంకెలు ఎవరైనా చెబుతారు. నేనిచ్చే పేర్లతో చూడవే" అన్నాను.

ఆ పేర్లు మన కాకతీయులవి. వాళ్ళ వంశక్రమం మనకు ఒక్క చోట దొరకలేదు, శాసనాలు పక్కపక్కన పెట్టుకుని సరిచూసుకోవలసి వచ్చింది. అందులో మూడు చూడండి.

మొదటిది మా హనుమకొండ వేయిస్తంభాల గుడిలోది. 1163లో రుద్రదేవుడు వేయించింది. అందులో తాత త్రిభువనమల్లుడు, తండ్రి ప్రోలుడు, తర్వాత రుద్రుడు. ఈ త్రిభువనమల్లుడే రెండో బేతరాజు. కాబట్టి జాబితా: బేత, ప్రోల, రుద్ర.

రెండోది బయ్యారం చెరువు శాసనం. 13వ శతాబ్దిలో గణపతిదేవుని అక్కచెల్లెళ్ళలో ఒకామె మైలాంబ అక్కడ ధర్మకీర్తి సముద్రమనే చెరువు తవ్వించి, పుట్టింటివారి వంశక్రమమంతా రాతిమీద చెక్కించింది. అత్తవారింటికి వెళ్ళిన ఆడపడుచు పుట్టింటి పేర్లు ఎంత జాగ్రత్తగా దాచిందో చూశారా! ఆమె జాబితా ఇది: వెన్న, గుండ, గుండ, గుండ, ఎఱ్ఱ, గుండ, బేత, ప్రోల, బేత, ప్రోల, రుద్ర, మహాదేవ, గణపతి. పదమూడు పేర్లలో నలుగురు గుండలు. నాలుగో ఆయన్ను పిండిగుండ అన్నారు. శత్రువుల్ని పిండి చేశాడని ఆ పేరట!

మూడోది 956 నాటి మాంగల్లు రాగిరేకుల శాసనం. కాకర్త్య గుండ్యన కోరిక మీద తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు ఇచ్చిన దానపత్రం. అందులో గుండియ, ఎఱియ, బేతియ, గుండ్యన అని నాలుగు తరాలు. మన లెక్కలో గుండ, ఎఱ్ఱ, బేత, గుండ.

ఇక పరీక్ష. మాంగల్లు జాబితా బయ్యారం జాబితాలో ఇమిడి ఉందా అని అడిగితే యంత్రం క్షణం ఆలోచించకుండా ఉందనేసింది. ఎందుకనుకున్నారు? పిల్ల రెండు జాబితాలనూ 'సెట్' అనేదానిలో వేసి పోల్చింది. అది సంచీ లాంటిది. వేసినవాటి వరస మరిచిపోతుంది, ఒకే పేరు నాలుగుసార్లు వేసినా ఒక్కటే ఉంచుకుంటుంది. బయ్యారం సంచీలో గుండ ఉన్నాడు, ఎఱ్ఱ ఉన్నాడు, బేత కూడా ఉన్నాడు. ఇంకేం, సరిపోయిందంది. కాని ఆ బేత వేరు, ఈ బేతియ వేరు. ఒకరు పిండిగుండకు ముందు, ఇంకొకరు తర్వాత. నాలుగు చీరలకు ఒక చీర చూపించి లెక్క అప్పజెప్పినట్టుంది!

పిల్ల సంచీ తీసేసింది. చిన్న జాబితాలో మొదటి పేరు పెద్ద జాబితాలో ఎక్కడుందో వెతికి, అక్కణ్ణుంచి ఒక్కొక్క పేరూ జతచేసి చూసేలా మార్చింది. మాంగల్లుకు ఇప్పుడు "లేదు" అని సరైన జవాబే వచ్చింది. నేను హనుమకొండ జాబితా ఇచ్చాను. దానికీ "లేదు" అంది! యంత్రం మొదటి బేత దగ్గర ఆగింది. తర్వాత ప్రోల సరిపోయాడు. ఆ తర్వాత రుద్రుడికి బదులు మళ్ళీ బేత కనిపించేసరికి పుస్తకం మూసేసింది. రెండో బేత నుంచి మొదలుపెడితే బేత, ప్రోల, రుద్ర ముగ్గురూ వరసగా ఉన్నారు. ఒకచోట కుదరకపోతే తర్వాతి చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి, చివరిదాకా ప్రతి చోటూ చూసిన తర్వాతే లేదనాలి. మూడోసారి అలా రాసింది. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఏమీ రాయని ఖాళీ జాబితా కూడా ఇచ్చి చూశాం. అది ఎందులోనైనా ఇమిడినట్టే లెక్క. ఖాళీ చీటీ పంపితే కొట్టువాడు ఏ సరుకూ తప్పించినట్టు కాదు కదా.

ఒక్క మాట మరవకూడదు. త్రిభువనమల్లుడే బేత అనీ, గుండ్యన అంటే గుండ అనీ యంత్రం చెప్పలేదు. ఆ పోలిక చరిత్రకారులు చేసింది. కాకతీయుల చరిత్ర రాసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారి వంటివారు ఈ శాసనాలను ఒక్కొక్క పేరూ పక్కపక్కన పెట్టి తేల్చినది. ఎవరు ఎవరో ముందు వాళ్ళు తేల్చబట్టే ఆ పేర్లు మా ప్రోగ్రాముకు పనికొచ్చాయి.

ఇంతకీ ఆ "లేదు" అనే జవాబులో ఏముంది? మైలాంబ జాబితా ఒక్కటే మిగిలి ఉంటే ఎఱ్ఱ తర్వాత పిండిగుండే. మధ్యలో ఒక తరం జారిపోయేది. మాంగల్లు రేకులు దొరకబట్టి బేతియ ఉన్నాడు, ఆయన ఇల్లాలు వంద్యనాంబ ఉంది, పిండిగుండకు తల్లీతండ్రీ ఉన్నారు. రెండు జాబితాలు కలవకపోవడం వల్లనే ఆ ఇద్దరూ మనకు మిగిలారు. సరిపోయిందని తొందరపడే ప్రోగ్రాము వాళ్ళను నిమిషంలో మాయం చేసేసింది.

పిల్ల ఆ మూడు జాబితాలనూ తన పరీక్షల్లోనే ఉంచేసుకుంది. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు చేసినా ముందు వాటినే నడిపి చూస్తుంది, బేతియ మళ్ళీ సంచీలో కలిసిపోలేదు కదా అని.