అడుగులతో పటం గీసిన బడిపంతులు

సోషల్ క్లాసులో హిమాలయాలు గుర్తించమంటే బ్రౌన్ పెన్సిలుతో గొంగళిపురుగులా ఒక గీత గీసి మార్కులు తెచ్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ కొండల అవతల ఏముందో మొదట ఎవరు కొలిచారని ఎప్పుడూ అడగలేదు. ముప్ఫై ఏళ్లు రోడ్ల సర్వేలో గడిపాక ఆ కథ చదివాను. కథానాయకుడు ఒక బడిపంతులు కాబట్టి మన స్వర్ణోత్సవ సంచికలో చెప్పుకోవాలనిపించింది.

అప్పట్లో టిబెట్ విదేశీయులను రానిచ్చేది కాదు. అందుకని గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వేలో పనిచేసే మాంట్‌గోమరీ, కొండప్రాంతాల వాళ్లకే శిక్షణ ఇచ్చి పంపాలనుకున్నాడు. అలా 1863లో డెహ్రాడూన్ వచ్చినవారిలో ఒకరు, కుమావోన్ కొండల్లోని మిలం గ్రామంలో పాఠాలు చెప్పుకునే నైన్ సింగ్ రావత్.

ఎత్తయినా పల్లమైనా ఒకే కొలతలో అడుగు వెయ్యడం ఆయన సాధన చేశారు. 2 వేల అడుగులకు ఒక మైలు. చేతిలో జపమాల, అందులో 108 పూసలకు బదులు 100. నూరు అడుగులకు ఒక పూస జరిపితే, మాల ఒక చుట్టు తిరిగేసరికి 5 మైళ్లు. ప్రార్థన చక్రంలో మంత్రాలకు బదులు లెక్కల చీటీలు. నీళ్లు ఎంత వేడికి మరుగుతున్నాయో చూసి ఆ చోటి ఎత్తు కట్టేవారు. 1866 జనవరిలో లాసా చేరారు. ఆ ప్రయాణంలో కొలిచిన దారి సుమారు 1,200 మైళ్లు, అంటే దాదాపు 25 లక్షల అడుగులు! 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

మరొకరు కింతుప్. చదువు రాదు. టిబెట్‌లోని సాంగ్‌పో, మన బ్రహ్మపుత్ర ఒకే నదా అని తేల్చడానికి, గుర్తు పెట్టిన దుంగలు పైన వదిలితే కింద అస్సాంలో కాపు కాసి చూడాలన్నది ఏర్పాటు. 1880లో బయల్దేరితే, వెంట వచ్చిన లామాయే ఆయన్ను బానిసగా అమ్మేశాడు. ఎలాగో బయటపడి కూడా కింతుప్ ఇంటిదారి పట్టలేదు. 500 దుంగలు సిద్ధం చేసి, రోజుకు 50 చొప్పున నదిలో వదిలారు. ఆయన పంపిన కబురు వేళకు అందక, కింద చూసే మనిషే లేడు. నాలుగేళ్లకు తిరిగొచ్చి చెబితే నమ్మినవాళ్లు తక్కువ. 1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ ఆ లోయకు వెళ్లాకే ఆయన చెప్పింది చాలామటుకు నిజమని తేలింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, చీకటి పడుతోందని రెండు లెవెల్ రీడింగులు అంచనాగా రాసేశాను. మర్నాడు లెక్క కుదరక మళ్లీ ఆ దారంతా నడిచాను. నా తప్పును లెక్క పట్టేసింది. కింతుప్‌ను పట్టేవారెవరూ లేరు. అయినా ఆయన పని ఎగ్గొట్టలేదు.

జవాబు సరిగ్గా ఉన్నా, స్టెప్పులు రాయకపోతే మన లెక్కల మాస్టారు మార్కులు కోసేవారు, గుర్తుందా? అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఆయనకు మనసులోనే దండం పెట్టుకుంటున్నాను.