బారువ
బారువ, శ్రీకాకుళం జిల్లా, సోంపేట మండలమునకు చెందిన గ్రామము. ఇది ఉద్దానం ప్రాంతములో, మహేంద్రతనయ నది బంగాళాఖాతములో కలియు చోటికి సమీపమున ఉన్నది. గ్రామ జనాభాలో మత్స్యకారులు, కొబ్బరి తోటలపై ఆధారపడినవారు ఎక్కువ.

బ్రిటిషు పాలనలో, గంజాం జిల్లాలో ఉండగా, బారువ ఒక ఓడరేవు. ఓడల రాకపోకలు ఆగిపోయినవి, దీపస్తంభము మిగిలినది. హౌరా-చెన్నై రైలు మార్గములో బారువ పేరుతో చిన్న స్టేషను కలదు. ఎక్స్‌ప్రెస్ రైళ్ళకు సాధారణముగా సోంపేట స్టేషనుకు పోవలెను. పేరు సోంపేటదే అయినను ఆ స్టేషను ఉన్నది కంచిలిలో. కొత్తవారు పొరబడుట కద్దు.

ఉద్దానంలో మూత్రపిండ వ్యాధి విస్తృతముగా ఉన్నది. వారమునకు రెండు మూడు మార్లు డయాలసిస్ చేయించుకొను రోగికి బస్సు తప్పుట చిన్న విషయము కాదు. పెద్ద వైద్యమునకు విశాఖపట్నం వెళ్ళవలసి వచ్చెడిది. తరువాత సోంపేటలోనే డయాలసిస్ కేంద్రము ఏర్పడినది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైనది.