గోల్కొండ ఖిలా, ఒక సస్తా ఎయిర్‌బ్రష్

మినియేచర్ వార్‌గేమ్ అంటే తెలియని దోస్తుల కోసం: బల్ల మీద కొండలు, కోటలు పేర్చి, బొటనవేలంత సిపాయిలను కదుపుతూ, పాచికలు వేసి పాత జంగులను మళ్లీ ఆడటం. నా షౌక్ ఇదే. ఈసారి పిల్లల కోసం 1687 నాటి గోల్కొండ ముహాసరాను, అంటే ఎనిమిది నెలల ముట్టడిని ఎంచుకొని, థర్మోకోల్‌తో ఖిలా చెక్కాను.

చిక్కంతా రంగుల దగ్గరే. డబ్బా స్ప్రే కొడితే అందులోని సాల్వెంట్ థర్మోకోల్‌ను తినేస్తుంది. బ్రష్‌తో పూస్తే రోజులు పడుతుంది. అందుకే రెండు వేల లోపు దొరికే ఛార్జింగ్ ఎయిర్‌బ్రష్ తెచ్చాను. నీళ్లలో కలిసే యాక్రిలిక్ రంగును పాలంత పలచగా చేసి పోయాలి. చిక్కగా ఉంటే సూది మొన దగ్గరే ఆరి మూసుకుపోతుంది. గాలి జోరు తక్కువ, సిపాయి ముఖానికి పనికిరాదు. కానీ గుట్టకు, గోడకు బేషుగ్గా సరిపోతుంది. మొదట అంతా నలుపు. ఆరాక పైనుంచి మాత్రమే బూడిద రంగు. చివర్లో శిఖరాలకు ఇంకాస్త తెలుపు. మిట్టమధ్యాహ్నపు ఎండ పడ్డట్టు గ్రానైట్ బండలు లేచి నిలబడ్డాయి. పైసా వసూల్!

ఆ వెలుగునీడల్లో ఒక సంగతి సాఫ్‌గా కనబడింది. కొండ ఎక్కడ ఆగిందో, గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. ఔరంగజేబు తోపులు ఎందుకు ఆగిపోయాయో దాన్ని చూస్తే అర్థమవుతుంది. మొఘలులు తవ్విన సురంగాలు పేలి వాళ్ల ఫౌజునే చంపాయి. మొదటి నిజాం తాత ఖిలిచ్ ఖాన్ కోట నుంచి వచ్చిన తోపు గుండుకే బలయ్యాడు.

చివరికి కోట గోడ కూలి ఓడిపోలేదు. లోపలి సర్దార్ అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచానికి లొంగి రాత్రిపూట దర్వాజా తెరిచాడు. అబ్దుర్ రజాక్ లారీకి కూడా ఔరంగజేబు పెద్ద ఆశలే చూపాడు. ఆయన కాదన్నాడు. ఆ రాత్రి ఒళ్లంతా గాయాలతో కూలేదాకా కొట్లాడాడు. ఆ వఫాదారీ చూసి బాద్షాయే హకీములను పంపి బతికించాడు. తానాషా దౌలతాబాద్ ఖైదులోనే కన్నుమూశాడు.

"అబ్బా, ఇందులో మన వైపు ఏది?" అని మా చిన్నోడి సవాల్. ముట్టడించిన బాద్షా ముసల్మానే, ముట్టడిలో ఉన్న సుల్తానూ ముసల్మానే. ఆ సుల్తాను కొలువులో పెద్ద వజీరు మాదన్న, బ్రాహ్మణుడు; 1686లో హత్యకు గురయ్యాడు. మొఘల్ ఫౌజులో రాజపుత్రులూ ఉన్నారు. దర్వాజా అమ్మినవాడూ, దాని కోసం నెత్తురు కార్చినవాడూ ఒకే ఖిబ్లా వైపు నమాజు చేసినవాళ్లే. తారీఖ్‌కు రెండే రంగులు పూసేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. మా వాడికి మాత్రం ఇంతే చెప్పాను: ఎవరి ఉప్పు తిన్నారో, ఎవరు నిలబడ్డారో చూడు బేటా.

ఈసారి పిల్లలను గోల్కొండ తీసుకెళ్తే చప్పట్ల ప్రతిధ్వని వినిపించి వచ్చేయకండి. ఫతే దర్వాజా దగ్గర రెండు నిమిషాలు ఆగి, అబ్దుర్ రజాక్ పేరు చెప్పండి.