కండ, కండె: కండరాల విద్య మన ఊళ్లకు చేరిన త్రోవ



2022 నవంబరులో జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల తరగతులు ప్రారంభమైనాయి. మరుసటి సంవత్సరం, 2023 సెప్టెంబరులో, సిరిసిల్లలో మరొకటి వెలిసింది. కోరుట్లలో పశువైద్య కళాశాల అంతకు ముందునుంచే ఉన్నది. మనిషిదైనా పశువుదైనా, శరీరాన్ని విప్పి కండరాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టే చదువు ఈ మూడు ఊళ్లలోనూ ఇప్పుడు జరుగుతున్నది. నా ఉద్యోగ జీవితమంతా గడిచినది ఈ ఊళ్లలోనే. తెలుగు పండితునికి కండరాలతో పనేమిటని మీరు అడుగవచ్చు. ఆ చదువులో సగభాగం పేర్ల చదువే. పేరున్న చోట వ్యుత్పత్తి ఉంటుంది, సమాసం ఉంటుంది. ఆ పాటి చనువుతోనే ఈ టపా వ్రాస్తున్నాను.

మన దేశంలో ఈ విద్యకు పాత ఆధారం సుశ్రుత సంహితలోని శారీరస్థానం. అందులో ఐదవ అధ్యాయం కండరాలను 'పేశి' అన్న పేరుతో లెక్కిస్తుంది. మొత్తం 500. కాలుసేతులలో 400, మొండెంలో 66, మెడకు పైన 34. స్త్రీలకు మరో 20 అధికమని చెబుతుంది. నేటి లెక్క 600కు పైబడి ఉన్నది. ఊహతో ఇంత దగ్గరగా రావడం కష్టం. శవాన్ని పరీక్షించే విధానం కూడా ఆ అధ్యాయంలోనే ఉన్నది. కళేబరాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, మరుగైన చోట నీటిలో ఏడు రాత్రులు నాననివ్వాలి. తరువాత వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు మొదలైన వాటితో చేసిన కుంచెలతో మెల్లమెల్లగా రాస్తూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరనూ కంటితో చూడాలి.

అయితే పేశి చేసే పని ఏమిటి? సిరలను, స్నాయువులను, ఎముకలను, కీళ్లను కప్పి వాటికి బలమివ్వడం అని సుశ్రుతుని సమాధానం. అవయవాల కదలికను ఆయన వ్యానవాయువుకు అప్పగించాడు. అంటే కండరం ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసింది. శరీరాన్ని కదిలించేది అదేనన్న మాట మాత్రం ఆ లెక్కలో చేరలేదు.

ఐరోపాలో 1543లో వెసాలియస్ అచ్చువేయించిన గ్రంథం కండరాలను పొర పొరగా బొమ్మలలో చూపింది. అక్కడి వైద్యులు లాటిను, గ్రీకు భాషలలో పెట్టిన పేర్లే నేటికీ ప్రపంచమంతటా చెల్లుతున్నాయి. ఆ పేర్లు వినడానికి గంభీరమే గాని, విప్పి చూస్తే పల్లెటూరి మాటలు. 'మజిల్' అన్న మాటకే లాటినులో చిట్టెలుక అని అర్థం. చర్మం క్రింద ఉబికి కదిలే కండ వారికి అలా కనబడింది. భుజం మీది 'డెల్టాయిడ్' గ్రీకు అక్షరం డెల్టా వలె త్రికోణంగా ఉండేది. పిక్కలోని 'గాస్ట్రోక్నీమియస్' అంటే కాలికున్న పొట్ట. అరచేతిలోని 'లంబ్రికల్' అంటే వానపాము వంటిది. తొడ మీద ఏటవాలుగా సాగే 'సార్టోరియస్' దర్జీవాని కండరం. బాసిపట్టు వేసుకుని కూర్చోవడానికి తొడను వంచి వెలుపలికి త్రిప్పే పనిలో అది తోడ్పడుతుంది. శరీరంలోకెల్లా పొడవైన కండరం అదే.

మన ప్రాంతం అప్పటి హైదరాబాదు సంస్థానంలోనిది గనుక, ఈ విద్య ఇక్కడికి వచ్చిన దారి కోస్తా దారి కాదు. 1846లో హైదరాబాదులో వైద్య పాఠశాల పెట్టినప్పుడు బోధన ఉర్దూలో సాగింది. 1917లో అనువాద సంస్థ ఏర్పడి, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి కావలసిన శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. ఎలగందుల సీమలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు వైద్యుడు కాదలచుకుంటే, కండరాలను 'అజలాత్' అని నేర్చుకోవలసి వచ్చేది. 1948 తరువాత ఇంగ్లీషు వచ్చింది. 1968లో తెలుగు అకాడమి వెలిసి శాస్త్ర పాఠ్యగ్రంథాలను తెలుగులో తెచ్చినా, వైద్యవిద్య ఇంగ్లీషులోనే ఉండిపోయింది. కావున ఈ చదువు మా ఊళ్లకు తెలుగు నోటితో ఎన్నడూ రాలేదు.

మాటల చిక్కు ఎంతటిదో చూడండి. మన జనం నోట 'నరం' అన్న ఒక్క మాట ఉన్నది. చేతి మీద నీలంగా తేలే రక్తనాళమూ నరమే, మెదడు ఆజ్ఞ మోసే నాడీ నరమే, మడమ వెనుక గట్టిగా తగిలే త్రాడూ నరమే. ఇది మనవారి తెలివితక్కువ అనుకోరాదు. గ్రీకులోని 'న్యూరాన్' అన్న మాటకు కూడా మొదటి అర్థం త్రాడు వంటి ఆ స్నాయువే, నాడి అన్న అర్థం తరువాత వచ్చినది. సంస్కృతంలోని 'స్నాయు' శబ్దం మరీ విచిత్రం. తెలుగు పాఠ్యపుస్తకాలలో కండరాన్ని ఎముకకు కట్టే బంధనం స్నాయుబంధనం. అదే మాట హిందీలో, బెంగాలీలో నాడి అవుతుంది. మరాఠీలో ఏకంగా కండరమే అవుతుంది. గోదావరి దాటి పోతే ఒకే మాటకు అవయవం మారిపోతుందన్నమాట.

ఇక కదలిక సంగతి. కండరం లాగగలదే గాని నెట్టలేదు. ఇది ఒక్కటి గ్రహిస్తే మిగిలిన శాస్త్రమంతా దాని నుంచే పుడుతుంది. ఒక కొన ఒక ఎముకను, రెండవ కొన కీలు దాటి మరొక ఎముకను పట్టుకుని ఉంటుంది. కండరం పొట్టిదైనప్పుడు రెండవ ఎముక దగ్గరకు వస్తుంది. దానిని తిరిగి చాపడం ఆ కండరం వల్ల కాదు, ఎదుటి ప్రక్కన మరొకటి లాగాలి. మోచేతిని వంచేది ముందున్న ద్విశిర కండరం, చాపేది వెనుకనున్న త్రిశిర కండరం. మోకాలిని చాపేది తొడ ముందరి చతుశ్శిర కండరం, వంచేవి తొడ వెనుకనున్నవి.

సిరిసిల్లలో గుంట మగ్గం మీద కూర్చున్న నేతగానిలో ఈ పాఠమంతా కనబడుతుంది. నాడె పరుగెత్తడానికి కుడిచేత త్రాడును క్రిందికి లాగేటప్పుడు వీపున వెడల్పుగా పరచుకున్న కండరం పని చేస్తుంది. పేకను బిగించడానికి ఎడమచేతితో పలకను తన వైపు గుంజేటప్పుడు ద్విశిర కండరం బిగుస్తుంది. గుంటలోని కాలు త్రొక్కేటప్పుడు తొడ ముందరి కండరమూ పిక్కా పని చేస్తాయి. వంగిన తలను మెడ వెనుక కండరాలు దినమంతా మోస్తాయి. మర మగ్గాలు, అంటే మావారు సాంచాలనేవి, వచ్చిన తరువాత కార్మికుడు పన్నెండు గంటలు నిలబడవలసి వచ్చింది. నడిచేటప్పుడు పిక్కలు ముడుచుకుని విప్పుకుంటూ కాళ్లలోని నెత్తురును పైకి తోస్తాయి. ఒకే చోట నిలబడినవానికి ఆ సాయం తగ్గి, సిరలు ఉబ్బడానికి దారి ఏర్పడుతుంది.

కోరుట్ల, జగిత్యాల వాడలలో బీడీలు చుట్టే ఆడవారి వ్రేళ్ల వేగం మీరు చూచియుండవచ్చు. ఆ వ్రేళ్లలో కండరాలు లేవు. ఎడమచేతితో మీ కుడి ముంజేతిని పట్టుకుని, కుడిచేతి వ్రేళ్లను ఆడించి చూడండి. కదలిక ముంజేతిలో తెలుస్తుంది. అక్కడి కండరాల నుంచి పొడవైన త్రాళ్లు మణికట్టు దాటి వ్రేళ్లకు చేరుతాయి. సన్నని పనిని అరచేతిలోని చిన్న కండరాలు దిద్దుతాయి. తోలుబొమ్మలాటకు వేరే ఉపమానం అక్కరలేదు.

కండరం నడుమ లావుగా, కొనలకు సన్నగా ఉంటే లాటినులో దానికి కదురు ఆకారమని పేరు. మా నేతవారి ఇళ్లలో నూలు చుట్టిన కండె అచ్చంగా ఆ ఆకారమే. కణవిభజనను చెప్పేటప్పుడు మన జీవశాస్త్ర పుస్తకాలు 'కండె' అన్న మాటను ఎన్నడో తీసుకున్నాయి. కండకు కూడా కండెనే ఉపమానంగా చెప్పితే సిరిసిల్ల పిల్లలకు బొమ్మ గీయనక్కరలేదు.

కండరం లాగుతుంది సరే, లాగడానికి బలం ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవారిలో ఒకరు మన తెలుగువారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895లో భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి చదివి, శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. ఆ తరువాత ఆయన చేరిన పని ఏమనుకున్నారు? మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రం బోధించడం! సుశ్రుతుని పేశులు చదివే విద్యార్థులకు కండరాల పాఠం చెప్పిన ఆ ఉపాధ్యాయుడే 1920ల తొలినాళ్లలో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రపరుస్తూ హార్వర్డులో చదువుకున్నారు.

అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరసును రంగు ద్వారా కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఆ పద్ధతిని కండరానికి ప్రయోగించినప్పుడు రంగు రావలసినంత త్వరగా రాలేదు. ఆ ఆలస్యాన్ని వారు త్రోసిపుచ్చక వెంబడించారు. ఫలితంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. కండరం పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతిలో మరల నిండుతుంది. 1929లో ఏ.టి.పి.ని కూడా వేరుపరచారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ విడిగా దానినే కనుగొన్నాడు. 1922లో హిల్, మేయర్‌హాఫ్‌లకు నోబెల్ వచ్చిన నాటికి కండరాన్ని నడిపేది లాక్టిక్ ఆమ్లమన్న అభిప్రాయం బలంగా ఉండేది. ఆ అభిప్రాయం ఈ పరిశోధనలతో సడలి, 1930లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు లుండ్స్‌గార్డ్ ప్రయోగంతో కూలిపోయింది.

కండరంలోని రెండు విధాల పోగులు, రెండు దువ్వెనల పండ్లు ఒకదానిలోకి ఒకటి దూరినట్లు, జారుకుని కండరాన్ని పొట్టి చేస్తాయని 1954లో తేలింది. ప్రతి పట్టుకూ ఏ.టి.పి. ఖర్చవుతుంది. పట్టిన పట్టు విడవడానికి కూడా అదే కావాలి. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శరీరం కొయ్యబారడం అందువల్లనే. ఏ.టి.పి. తరిగిపోయినందున పోగులు విడివడలేవు.

నా పాత విద్యార్థి ఒకరి కుమార్తె వైద్యవిద్య మొదటి సంవత్సరంలో ఉన్నది. నేతవారి ఇంటి పిల్ల. మొన్న సెలవులకు వచ్చి, "తాతా, పేర్లేమో రెండొందల దాక నోటికొచ్చినయ్, ఏది ఎటు గుంజుతదో మాత్రం తెలుస్తలేదు" అన్నది. బహువ్రీహి సమాసం గుర్తున్నదా అని అడిగాను. రెండు శిరస్సులు గలది ద్విశిరం, 'బైసెప్స్' కూడా సరిగ్గా అదే సమాసం. అరబ్బులు సైతం దానిని రెండు తలలదనే పిలిచారు. రెండు తలలంటే భుజం దగ్గర రెండు చోట్ల పట్టు. ఆ పట్టు తెలిస్తే గుంజే దిక్కు తెలుస్తుంది. అప్పుడా పిల్ల లేచి, వాళ్ల నానమ్మ కండెలు చుట్టే తీరును చేతులతో అభినయించి, ఏ కండరం ఎప్పుడు బిగుస్తున్నదో తానే వరుసగా చెప్పింది.

2022 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లో హిందీలో వైద్య పాఠ్యపుస్తకాలు విడుదలైనాయి. తెలుగులో కూడా అట్లే జరగాలని నేను పట్టుబట్టను. రేపు దేశదేశాలలో పనిచేయవలసిన పిల్లలకు లాటిను పేర్లు కావలసిందే. కాని ఆ పేరు వెనుకనున్న అర్థం మాతృభాషలో ఒక్కసారి చెవిని పడాలి. రోగి "సారూ, రెక్క లేస్తలేదు, నరం గుంజుతుంది" అన్నప్పుడు, ఆ నరం నాడియో, రక్తనాళమో, స్నాయుబంధనమో తేల్చుకోవలసినది ఈ పిల్లలే.

మీ ప్రాంతాలలో పిక్క, దండ, జబ్బ వంటి మాటలు శరీరంలో ఏ భాగానికి చెల్లుతాయో తెలియజేయగలరు. ఒక పట్టికగా కూర్చాలని కోరిక.

సెలవు.