కోయిలకుంట్ల కొయ్య మీద తల

1847 ఫిబ్రవరి 22, ఉదయం ఏడు గంటలు. కోయిలకుంట్ల జుర్రేటి గట్టున రెండు వేల మంది దాకా మూగారు. కలెక్టర్ కాక్రేన్ చూస్తుండగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మెడకు ఉరి బిగించారు. తీర్పు కాగితంలో ఆయన బందిపోటు, హంతకుడు. గుంపులోని వాళ్లకు మాత్రం తమ రెడ్డి.

గొడవ భరణం దగ్గర మొదలైంది. పాలెగాళ్ల అధికారం లాక్కున్న ఈస్టిండియా కంపెనీ రెడ్డి ఇంటికి నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు విదిలించేది. దానికోసం రెడ్డి పంపిన మనిషిని తహశీల్దారు అవమానించి తరిమాడంటారు. 1846 జూలైలో రెడ్డి దండు కోయిలకుంట్ల ఖజానా మీద పడింది. తహశీల్దారు ప్రాణం పోయింది. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న వెంట ఉన్నారు. గిద్దలూరు దగ్గర లెఫ్టినెంట్ వాట్సన్ బలగంతో తలపడ్డారు. అక్టోబరు 6న పేరుసోముల కొండ మీద, జగన్నాథస్వామి గుడి దగ్గర రెడ్డి పట్టుబడ్డాడు.

ప్రాణం తీస్తే చాలదనుకుంది కంపెనీ. తల నరికి కోటలో ఉరికొయ్యకే వేలాడదీసింది. వేలాడదీసిన కంపెనీ ఏలుబడి 1858లో పోయింది, విక్టోరియా మహారాణి చక్రవర్తిని అయింది, సీమను డొక్కల కరువు చుట్టుముట్టింది. 1877 దాకా తల అక్కడే ఉంది.

ఇదే జపాన్‌లో అయితే ఆ తల ఎగిరేది. మొండెం విడిచి రాత్రిళ్లు తిరిగే తలకాయ అక్కడి కథల్లో ఉంది, పేరు నుకెకుబి. 940లో చక్రవర్తి మీద తిరగబడి చచ్చిన తైరా నో మసకదో తలను క్యోటోలో జనానికి చూపెట్టారు. అది నెలల తరబడి కుళ్లలేదట, పళ్లు కొరికిందట, 'నా మొండెమేదీ' అంటూ తూర్పుకు ఎగిరిపోయిందట. అది పడ్డ చోటని చెప్పే సమాధి టోక్యో ఓతెమాచిలో, ఆఫీసు భవనాల నడుమ నేటికీ ఉంది. 1923 భూకంపం తర్వాత అక్కడ ఆర్థిక శాఖ తాత్కాలిక కార్యాలయం కట్టింది. 1926లో మంత్రి హయామి సెయిజి చనిపోయాడు, మరికొందరు ఉద్యోగులూ పోయారు. హడలిపోయి కట్టడం తీసేసి శాంతి చేయించారు. సర్కారువాళ్లే!

మన రేనాటి జనం రెడ్డి తలను దయ్యం చేయలేదు, పాట కట్టారు. నిజంగా భయపడింది దొరలేనని నా అనుమానం. లేకుంటే చచ్చినవాడి తలను దించడానికి ముప్పై ఏళ్లు ఎందుకు పట్టింది?